తాబోలో రెండు నెలలు, నీళ్లతో పోట్లాట

మా ఇంట్లో టీవీ స్టాండు మీద, మనవరాలి ఫొటో పక్కన, నిలువునా పగిలిన ముప్పావు ఇంచీ ప్లాస్టిక్ ఎల్బో, అంటే నీళ్ల పైపు మలుపు దగ్గర బిగించే ముక్క, ఒకటుంది. వచ్చినవాళ్లంతా "అదేందమ్మా?" అని అడుగుతారు. అడగ్గానే మా ఆయన కాఫీ కలుపుతానంటూ వంటింట్లోకి జారుకుంటారు. ఇక కథ నేనే చెప్పాలి. చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇక్కడ రాసి పెడుతున్నాను.

నేను అనంతపురం జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 31 ఏళ్లు ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. ఆయన ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేసి నాకంటే రెండేళ్లు ముందే ఇంటికొచ్చారు. నాది థియరీ, ఆయనది ప్రాక్టికల్. ఒకరి మాట ఒకరం విని ఉంటే ఆ ఎల్బో పగిలేది కాదు.

మంచు గురించి 31 ఏళ్లు పాఠం చెప్పాను. నీళ్లకు 4 డిగ్రీల దగ్గర సాంద్రత ఎక్కువని, గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయని, మంచు నీళ్ల మీద తేలడం వల్లే చెరువు అడుగున చేపలు బతుకుతాయని బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. కానీ ఫ్రిజ్‌లో తప్ప మంచు చూసిన మొహం కాదు నాది. మాకు చలి అంటే ధనుర్మాసంలో తెల్లారి ముగ్గు వేసేటప్పుడు భుజాల మీద కప్పుకునే శాలువా. అది కూడా శివరాత్రికి శివశివా అని వెళ్లిపోతుంది. ఒక్క చలికాలమైనా నిజం చలిలో ఉండి చూడాలన్నది నా కోరిక. బండిలో ఇల్లు కట్టుకుని దేశం తిరగాలన్నది ఆయన కోరిక. రెండూ కలిపితే వచ్చిందే ఈ తతంగం: బండిలోనే ఇల్లు కట్టుకుని, హిమాచల్ కొండల్లోని తాబో అనే ఊళ్లో రెండు నెలల చలికాలం.

సెకండ్ హ్యాండ్‌లో ఒక ట్రావెలర్ బండి కొన్నాం. పెళ్లిళ్లకు తిరిగిన బండి. సీట్లు పీకేస్తే ఇంకా అక్షింతలు దొరికాయి. బండి ఆకారం మార్చాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ముందే ఆర్టీవో అనుమతి తీసుకోవాలి. ఆ కాగితాల పని ఆయనే చూసుకున్నారు. ఆ తిరుగుడు గురించి రాస్తే ఇంకో పోస్టు అవుతుంది, వదిలేస్తున్నా.

లోపలి పని మే నెలలో మొదలుపెట్టాం. అనంతపురంలో మే అంటే తెలుసు కదా, రేకు మీద చెయ్యి పెడితే చర్మం అంటుకునేలా ఉంటుంది. ఆ ఎండలో వీధి గేటు దగ్గర బండి పెట్టుకుని, చలి లోపలికి రాకుండా గోడలకు అస్తరు వేస్తున్నాం. పక్కింటాయన రోజూ పొద్దున పేపరు పట్టుకుని వచ్చి చూసేవాడు. "టీచరమ్మా, ఎండకు బండికి రగ్గు కప్పుతుండారా?" అని ఒకటే నవ్వు. నిజానికి ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. వేడి బయటినుంచి లోపలికి రాకుండా ఆపేదీ, లోపలినుంచి బయటికి పోకుండా ఆపేదీ ఒకటే సరుకు.

సరుకు దగ్గరే మొదటి గొడవ. ఆయనేమో థర్మోకోల్ అన్నారు, చవక కాబట్టి. నేను ఒప్పుకోలేదు. బండి గోడ సమంగా ఉండదు, వంపులుంటాయి. థర్మోకోల్ పలక వంగదు. వెనక సందు మిగులుతుంది. ఆ సందులోకి లోపలి తేమగాలి చేరి చల్లటి రేకును తాకి నీళ్లవుతుంది, ఆ నీళ్లు రేకును తింటాయి. చివరికి ఏసీ పైపుల మీద చుట్టే నల్ల రబ్బరు స్పాంజి ఉంటుందే, అది 19 మిల్లీమీటర్ల మందంలో చాపలుగా తెచ్చి, గమ్ముతో రేకుకు అతికించాం. తేమను పీల్చదు, వంచితే వంగుతుంది. దాని మీద ప్లైవుడ్. ప్లైవుడ్‌ను బండి ఇనుప పక్కటెముకలకు స్క్రూలతో బిగించారు. ఆ పక్కటెముకల మీద కూడా రబ్బరు వేద్దామన్నాను. "అరంగుళం ఇనుప పట్టీకి కూడా దుప్పటి కప్పుతావా?" అన్నారు. నేనూ ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం సంక్రాంతినాడు బయటపడింది, చెప్తాను.

కిటికీలకు వెండిరంగు బుడగల షీటు కొలత ప్రకారం కత్తిరించాం. డ్రైవరు క్యాబిన్‌కూ మా గదికీ మధ్య, మా అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత తెరగా వేలాడదీశాం. ముందు అద్దం అంత పెద్ద చల్లటి కిటికీ ఇంకోటి ఉండదు బండిలో. ఎంత అస్తరు వేసినా ఆ అద్దం వదిలేస్తే చిల్లికుండలో నీళ్లు పోసినట్టే.

ఇక ఆయన గర్వకారణం గురించి. బండి అడుగున, చాసీకి, వంద లీటర్ల నీళ్ల ట్యాంకు బిగించారు. దానికో చిన్న 12 ఓల్టుల పంపు, పైపు, లోపల సింకు, మెరిసే కొళాయి. కొళాయి తిప్పితే సర్రున నీళ్లు. వీధిలో అందర్నీ పిలిచి చూపించారు. అనంతపురం మనిషి కదా! ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వాన పడే ఊళ్లో, రోజు మార్చి రోజు వచ్చే కొళాయి కోసం బిందెలు వరసలో పెట్టి పెరిగినవాళ్లం. మాకు నీళ్లు నిల్వ ఉండటం కంటే గొప్ప భద్రత ఏముంటుంది? నేను కూడా బండి అడుగున, గాలి తగిలే చోట నీళ్లు పెడితే గడ్డకడతాయి కదా అని ఒక్కసారి అని, ఆ మెరిసే కొళాయి చూసి మురిసిపోయాను. 31 ఏళ్ల సర్వీసుకు సిగ్గుచేటు.

డిసెంబరు 18న బయలుదేరాం. మా ఊరి పక్కనుంచి పోయే 44వ నంబరు హైవేనే పట్టుకుని కర్నూలు, హైదరాబాద్, నాగపూర్, ఢిల్లీ దాటి అంబాలా దాకా వెళ్లి, అక్కడ కొండల వైపు తిరిగాం. సిమ్లా, రాంపూర్, రికాంగ్ పియో, నాకో. దారిలో ఆగి ఆగి వెళ్లాం, ఎత్తుకు ఒళ్లు అలవాటు కావాలని. తాబో ఉన్న స్పితి లోయకు మనాలి వైపునుంచి వచ్చే కుంజుం కనుమ చలికాలమంతా మూసేస్తారు. మేం వచ్చిన ఈ కిన్నౌర్ జిల్లా దారినే వీలైనంతవరకు తెరిచి ఉంచుతారు. మేం ఉండాలనుకున్నది తాబో. సముద్రమట్టానికి 3,280 మీటర్లు, 996లో కట్టిన బౌద్ధ ఆరామం ఉన్న చిన్న ఊరు. అదే లోయలో ఉన్న కాజా ఇంకా ఎత్తు, ఇంకా చలి. మా వయసుకు తాబో చాలనుకున్నాం. ఒక ఇంటివాళ్ల పెరట్లో బండి పెట్టుకుని, వాళ్ల మరుగుదొడ్డి వాడుకునేలా నెలకింత అని మాట్లాడుకున్నాం. ఆ మరుగుదొడ్డికి నీళ్లతో పని లేదు, మన్నూ బూడిదా చల్లితే చాలు. అక్కడి చలికి అంతకంటే తెలివైన ఏర్పాటు లేదు. అందుకే ఇంటినుంచి మోసుకెళ్లిన మా ప్లాస్టిక్ టాయిలెట్‌ను డబ్బాలోంచి తీయనే లేదు.

ఇక ఎల్బో. నాకోలో ఒక రాత్రి ఆగాం. పొద్దున లేచి కొళాయి తిప్పితే పంపు గుర్రుమంది, నీళ్లు రాలేదు. "గడ్డకట్టింది, ఎండ వస్తే కరుగుతుందిలే" అన్నారు ఆయన. ఇక్కడ గమనించండి, గడ్డకట్టినప్పుడు పైపు పగిలిన సంగతి ఎవరికీ తెలియదు. మంచే బిరడాలా బిగుసుకుని ఉంటుంది. మధ్యాహ్నం తాబో చేరి, ఎండ పడే గోడ పక్కన బండి ఆపాం. ఓ గంటకు అడుగున పగిలిన ఎల్బోలోంచి ధార మొదలైంది. వంద లీటర్లు. పెరట్లో పారి, సాయంత్రానికి అద్దంలా గడ్డకట్టి, మర్నాడు ఇంటామె ఆవును తోలుకెళ్తుంటే దాని కాలు జారింది. వచ్చిన తొలి రోజే మాకు దక్కిన పేరు అది. నీళ్లు పారబోసే మద్రాసీలు!

ఆ రోజునుంచి ఇరవై లీటర్ల క్యాన్లు రెండు, బండి లోపల, మంచం పక్కన. మగ్గుతో ముంచుకోవడమే. ట్యాంకునూ పంపునూ పూర్తిగా ఖాళీ చేసి వదిలేశాం. అమెరికా, కెనడాల్లో ఇలా బండ్లలో ఉండేవాళ్లు పైపుల్లో ప్రొపిలీన్ గ్లైకాల్ అనే గడ్డకట్టని ద్రవం పోసి ఉంచుతారు. లేదంటే పైపుకు కరెంటు వైరుతో వేడిచేసే పట్టీ చుడతారు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఇంజను రేడియేటర్లో మామూలుగా పోసే కూలెంటు ఇథిలీన్ గ్లైకాల్, అది విషం. దాన్ని తాగునీటి పైపులో పోయకూడదు. రేడియేటర్లో మాత్రం అది సగం, నీళ్లు సగం ఉంటే సున్నాకు దిగువన 35 డిగ్రీల దాకా భయం లేదు. వట్టి నీళ్లు పోసుకుని కొండెక్కితే పగిలేది ఎల్బో కాదు, ఇంజనే.

నీళ్లు తెచ్చుకునేది ఊరి కొళాయినుంచి. ఆ కొళాయి సన్నగా కారుతూనే ఉండేది, పగలూ రాత్రీ. మొదటిరోజు క్యాను నింపుకుని అలవాటు కొద్దీ కొళాయి గట్టిగా కట్టేసి వచ్చాను. వెనకనుంచి ఇంటామె అరుచుకుంటూ పరుగెత్తింది. కట్టేస్తే పైపులో నీళ్లు నిలబడి గడ్డకడతాయి, ఊరంతటికీ నీళ్లు ఉండవు. పారే నీళ్లు తొందరగా గడ్డకట్టవని నాకు తెలియక కాదు. కారుతున్న కొళాయిని చూస్తే చెయ్యి ఆగదు నాకు. రెండు నెలల్లో ఆ కొళాయి పక్కనుంచి వెళ్లిన ప్రతిసారీ చేతులు శాలువాలో దాచుకుని వెళ్లాను.

తాగేనీళ్ల సంగతి అలా తేలింది. కానీ అసలు నీళ్లు వేరే ఉన్నాయని వారం తర్వాత తెలిసింది.

సంక్రాంతి పొద్దున లేచి లైటు వేశాను. ప్లైవుడ్ గోడ నిండా తెల్లటి చుక్కలు. వరసలు వరసలుగా, సమదూరంలో, ముగ్గుకు పెట్టిన చుక్కల్లా. ఒక్క క్షణం పండగ కదా అని సంతోషం కూడా వేసింది. దగ్గరికెళ్లి గోటితో గీకితే మంచు. ప్రతి స్క్రూ తల మీదా చిన్న మంచు బొట్టు. ఇనుప పక్కటెముక బయటి చలిని స్క్రూ దాకా తెచ్చి ఇస్తోంది, మా ఊపిరిలోని ఆవిరి దాని మీద పేరుకుంటోంది. ఆయన్ని లేపి చూపించాను. "చుక్కలు పెట్టింది నేను, ముగ్గు నువ్వు కలుపుకో" అన్నారు. మిగిలిన రబ్బరు ముక్కల్ని రూపాయి బిళ్లంత కత్తిరించి ప్రతి స్క్రూకూ బొట్టుబిళ్లలా అతికించాం. మొత్తం 214. పండగపూట ఇద్దరికీ అదే పని.

ఆ రోజే పరుపు ఎత్తి చూశాను. కింద ప్లైవుడ్ తడిసి, గోడవైపు అంచున పరుపు పలకకు అతుక్కుపోయి గడ్డకట్టింది. మనిషి ఒంటి వేడికి తేమ పరుపులోంచి కిందికి దిగుతుంది, కింద చల్లటి పలక తగలగానే నీరవుతుంది. గాలి ఆడే దారి లేదు. నాకు మా అవ్వ నులకమంచం గుర్తొచ్చింది. దాని మీద పడుకుంటే కిందనుంచి కూడా గాలి తగిలేది. ఆయన ప్లైవుడ్ పీకేసి చట్రం మాత్రం ఉంచి, బండి మీద సామాను కట్టడానికి తెచ్చిన నైలాను పట్టీలతో నవారు మంచంలా అల్లారు. గ్యారేజీలో పనిచేసిన చేతులు కదా, మా అవ్వ చూస్తే మెచ్చుకునేది. పరుపు మళ్లీ తడవలేదు.

సైన్సు టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది! రోజూ పొద్దున అద్దాలనూ గోడలనూ ఒక పొడి తువ్వాలుతో తుడిచి, దాన్ని కొలత గ్లాసులోకి పిండి, నోటుబుక్కులో రాశాను. సంక్రాంతి నాటి లెక్క 350 మిల్లీలీటర్లు. ఇద్దరు ముసలివాళ్ల ఊపిరి అది! ఏ నూతిలోనూ ఊరని నీళ్లు మా గోడల మీద ఊరాయి. నాన్న బోరు వేయించి, అప్పులపాలై, నాలుగు వందల అడుగులకూ చుక్క పడని చేను మాది. ఆ చేను గుర్తొచ్చి, ఆ తువ్వాలు పిండుతూ నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

ఆ లెక్క తగ్గించడమే రెండు నెలలూ నా ఉద్యోగం. పైకప్పు వెంటిలేటరును ఎంత చలిగా ఉన్నా రెండు వేళ్ల సందు తెరిచే ఉంచాను. దీనికి ఆయన ఒప్పుకోవడానికి మూడు రోజులు పట్టింది. డీజిల్ కాల్చి వేడి చేసి, ఆ వేడిని కన్నంలోంచి పంపడం ఆయన మెకానిక్ మనసుకు గిట్టలేదు. కానీ చల్లటి గాలిలో తేమ తక్కువ. అది లోపలికొచ్చి వేడెక్కితే లోపలి తేమను పీల్చి బయటికి మోసుకెళ్తుంది. తడి బట్టలు లోపల ఆరేయడం మానేశాం. అన్నం, పప్పు కుక్కరు ఆవిరి వదిలేటప్పుడు తలుపు కాస్త తెరిచేదాన్ని. కుక్కరు లేకుండా అక్కడ పప్పు ఉడకదు లెండి, ఆ ఎత్తులో నీళ్లు 89 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. జనవరి చివరికి నా లెక్క 120కి దిగింది.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. చలేస్తోందని గ్యాస్ పొయ్యి వెలిగించుకుని కూర్చుంటారు. గ్యాస్ మండితే వేడితోపాటు నీళ్లూ పుడతాయి. ఒక కిలో గ్యాసుకు కిలోన్నర పైన నీళ్లు, ఆవిరి రూపంలో. గది వేడెక్కినట్టుంటుంది, తెల్లారేసరికి గోడలు కారుతుంటాయి. అది చిన్న నష్టం. పెద్దది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. ఉత్తరాదిన మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుని చనిపోయినవాళ్ల వార్త ప్రతి చలికాలం పేపర్లో చూస్తూనే ఉంటాం. ఇంటామె ప్రేమగా ఒక రాత్రి నిప్పుల కుంపటి తెచ్చి ఇవ్వబోతే, చేతులు జోడించి వెనక్కి పంపాను. ఆమెకు కోపం వచ్చింది కూడా.

మేం వాడింది డీజిల్ హీటరు. చిన్న పెట్టె. దాని మంటకు కావలసిన గాలిని బయటినుంచి తీసుకుని, పొగను బయటికే వదులుతుంది. లోపలికి వచ్చేది వట్టి వేడిగాలి, పొడిగాలి. రాత్రికి రెండు లీటర్ల లోపే తాగేది. దాని పంపు టిక్ టిక్ మంటూ ఉంటుంది. మొదటి వారం ఆ చప్పుడుకు నిద్ర పట్టలేదు. తర్వాత ఆ చప్పుడు ఆగితే మెలకువ వచ్చేది. ఎత్తు మీద గాలి పలచన కాబట్టి డీజిల్ పూర్తిగా మండక లోపల మసి పడుతుంది. అందుకని ఆయన పంపు వేగం తగ్గించి, రోజుకో అరగంట ఫుల్లు మీద మండించి మసి కాల్చేవారు. గ్యారేజీలో పాత బస్సుల నల్లపొగ చూసిన అనుభవం అక్కడ పనికొచ్చింది.

ఫిబ్రవరి మొదటి వారంలో ఒక రాత్రి, రెండు దాటాక, తలాపున పెట్టిన మోనాక్సైడ్ అలారం మోగింది. నిజంగా చెప్తున్నా, దాన్ని కొన్నప్పుడు ఇంకో దండగ ఖర్చు అనుకున్నాను. తలుపు తోసి ఇద్దరం శాలువాలతోనే బయటపడ్డాం. సున్నాకు దిగువన 18 డిగ్రీలు. ఆయన టార్చి వేసి బండి కింద చూస్తే, గాలికి మంచు ఎగిరొచ్చి హీటరు పొగగొట్టం మూతిని కప్పేసింది. పొగ బండి కిందే తిరిగి, పైపు లోపలికి వచ్చే కన్నం దగ్గరి సందులోంచి పైకి వచ్చింది. హీటరు ఆపి, తలుపులన్నీ బార్లా తెరిచి, ఆ రాత్రి ఇంటివాళ్ల వంటింట్లో తందూర్ అని పిలిచే పొగగొట్టం పొయ్యి పక్కన పడుకున్నాం. కోపంగా ఉన్న ఆ ఇంటామే మాకు రెండు యాక్ ఉన్ని దుప్పట్లు కప్పింది. మర్నాడు ఆయన ఆ సందును అగ్గికి తట్టుకునే సీలెంటుతో పూడ్చి, గొట్టం మూతిని బండి అంచు దాటి బయటికి, నేలకు ఎత్తుగా తిప్పారు. ఇలాంటి బండిలో పడుకునేవాళ్లు ఎవరైనా సరే, తిండి ఖర్చు తగ్గించుకునైనా ఆ అలారం కొనండి.

బండి అడుగునుంచి దూసుకొచ్చే గాలిని ఆపడానికి చుట్టూ నేలదాకా అడ్డు కట్టాలి. విదేశాల్లో గడ్డి మోపులు, ఫోము పలకలు, మంచునే గోడగా ఎగదోయడం చేస్తారు. మేం ఇంటామె దగ్గర ఎండుగడ్డి కొని గోతాల్లో కుక్కి చుట్టూ పేర్చాం, పైన టార్పాలిన్. హీటరు గొట్టం ఉన్న వైపు మాత్రం గడ్డి పెట్టకుండా రేకు అడ్డం పెట్టాం. ఇది చేశాక లోపల నేల మీద చెప్పుల్లేకుండా నిలబడగలిగాం.

గ్యాస్ మరో తంటా. మనకు ఇళ్లకు వచ్చే సిలిండర్‌లో ప్రొపేనూ బ్యూటేనూ కలిసి ఉంటాయి. ప్రొపేన్ సున్నాకు దిగువన 42 డిగ్రీల దాకా ఆవిరవుతుంది. బ్యూటేన్ సున్నా దగ్గరికి వచ్చేసరికే చేతులెత్తేస్తుంది. ముందు ప్రొపేనంతా అయిపోయి, బ్యూటేన్ ద్రవంగానే సిలిండర్‌లో కూర్చుంటుంది. మంట సన్నబడి ఆరిపోయింది. ఆయన "అయిపోయింది" అన్నారు. ఎత్తి చూస్తే బరువుగానే ఉంది. గోరువెచ్చటి నీళ్లలో ముంచిన గుడ్డ చుడితే మళ్లీ మండింది. నిప్పు మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. సిలిండర్‌ను అడుగున కన్నం ఉన్న పెట్టెలో పెట్టుకున్నాం, లీకైతే బరువైన గ్యాసు కిందికే జారిపోవాలని.

బ్యాటరీ దగ్గర ఆయన ఒక రోజంతా పోగొట్టుకున్నారు. అక్కడ ఎండ మండిపోతుంది, సోలార్ పలక మీద మంచు తుడిస్తే మన ఊరి ఎండలాగే ఉంటుంది. అయినా బ్యాటరీ చార్జ్ కావడం లేదు. వైర్లన్నీ విప్పారు, ఫ్యూజులు మార్చారు, అమ్మినవాణ్ణి తెలుగులో తిట్టారు. చివరికి నేను పెట్టె మీద చెయ్యి పెట్టి చూశాను. మంచుగడ్డ! లిథియం బ్యాటరీని సున్నా కంటే తక్కువలో చార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని పాడైపోతుంది, అందుకే దానిలోని సర్క్యూటే చార్జింగ్ ఆపేస్తుంది. వాడుకోవడానికి ఇస్తుంది, నింపుకోవడానికి ఒప్పుకోదు. అమ్మినవాడు ఈ ముక్క చెప్పలేదు, మేమూ అడగలేదు. వెనక తలుపు దగ్గరున్న బ్యాటరీని హీటరు గాలి తగిలే బెంచీ కిందికి మార్చాం. గంటలో చార్జింగ్ మొదలైంది.

ఆయనకు తాబోలో దొరికిన స్నేహితుడు హిమాచల్ ఆర్టీసీ డ్రైవరు ఒకాయన. మా ఆయనది హైదరాబాద్ ట్రైనింగులో నేర్చుకున్న హిందీ, ఆ డ్రైవరుది కొండ హిందీ. అయినా బానెట్ ఎత్తితే చాలు, ఇద్దరికీ భాష అవసరం ఉండేది కాదు. రాత్రి హ్యాండ్‌బ్రేక్ వేయొద్దని చెప్పింది ఆ డ్రైవరే. తడి గడ్డకట్టి బ్రేకు షూ డ్రమ్ముకు అతుక్కుపోతుంది. గేరులో పెట్టి చక్రాలకు రాళ్లు వేయాలి. వైపర్లు ఎత్తి పెట్టాలి. కింద మైదానాల్లో పోసుకున్న డీజిల్‌తో ట్యాంకు నింపుకుని పైకి రావద్దన్నాడు. డీజిల్లో మైనం ఉంటుంది, చలికి అది పేరుకుని ఫిల్టరును మూసేస్తుంది. కింది డీజిల్‌ను దారిలోనే అరగదీసి, పైన చలికి తట్టుకునే డీజిల్ పోయించుకోవాలి. 2019లో ఇండియన్ ఆయిల్ లద్దాఖ్ కోసం తెచ్చిన వింటర్ డీజిల్ సున్నాకు దిగువన 33 డిగ్రీల దాకా పారుతుంది. అది లేని కాలంలో లారీల ట్యాంకు కింద మంట పెట్టేవాళ్లమని నవ్వుతూ చెప్పాడు. మా ఆయన నవ్వలేదు.

ఆ డ్రైవరు రోజూ సాయంత్రం బస్సు గాలి ట్యాంకు కింద చిన్న వాల్వు తిప్పేవాడు. బుస్సుమని గాలి, దాంతోపాటు నాలుగు చుక్కల నీళ్లు. ఆ నాలుగు చుక్కలు లోపల ఉండిపోతే పొద్దున బ్రేకులు పడవు. అది చూసి మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. గ్యారేజీలో అదే వాల్వు ముప్పై ఏళ్లు తిప్పారట, నీళ్లు ఎందుకు వస్తాయా అని ఎప్పుడూ ఆలోచించలేదట. ఆ రాత్రి నేను వెంటిలేటరు తెరిస్తే ఏమీ అనలేదు.

శివరాత్రి వచ్చింది. తెచ్చుకున్న చెనిక్కాయల్లో చివరి గుప్పెడు వేయించి, రాగి సంగటి చేశాను. పొద్దున థర్మామీటరు సున్నాకు దిగువన 11. చలి శివశివా అన్న జాడ లేదు.

మార్చి మొదటి వారంలో దిగాం. ఇంటికొచ్చేసరికి ఊళ్లో ఎండలు ముదిరాయి, కొళాయి మూడు రోజులకోసారి అయింది. ఆ వంద లీటర్ల ట్యాంకును బండినుంచి విప్పి, కరివేపాకు చెట్టు కింద ఇటుకల మీద పెట్టించాను. నిండుగా ఉంటోంది. మళ్లీ బండికి బిగించేది లేదని చెప్పేశాను. ఆయన వాదించలేదు. చాసీకి కాకుండా లోపల, బెంచీ కింద, బ్యాటరీ పక్కన పెడితే హీటరు గాలి తగులుతుంది కదా అని మాత్రం నిన్న అడిగారు. ఆలోచిస్తానన్నాను. సాయంత్రం కూరగాయల సంచీ తీస్తే, టమోటాల కింద ముప్పావు ఇంచీ కొత్త ఎల్బో ఉంది.